బెంచీ మీది ఆటగాడు ఎప్పుడు వెలుగులోకి వస్తాడు?

2020లో కరోనా వల్ల హ్యూస్టన్ బాప్టిస్ట్ అనే చిన్న అమెరికా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు నాలుగే మ్యాచ్‌లు ఆడింది. వాటిలో ఒకటి టెక్సస్ టెక్ అనే పెద్ద జట్టుతో. 35-33తో ఓడిపోయింది. ఆ రోజు బెయిలీ జాపీ అనే కుర్రాడు బంతి విసిరి తన జట్టును 567 గజాలు ముందుకు నడిపాడు. అయినా అప్పటికి అతని పేరు దేశంలో చాలామందికి తెలియలేదు. మరుసటి ఏడాది అతను వెస్టర్న్ కెంటకీ యూనివర్సిటీకి మారాడు. ఆ ఒక్క సీజన్‌లో 5,967 గజాలు, 62 టచ్‌డౌన్‌లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చే స్కోర్లు) సాధించాడు. కాలేజీ ఫుట్‌బాల్ పై శ్రేణిలో ఒక సీజన్‌కు ఆ రెండూ కొత్త రికార్డులే.

ఇలాంటి ఏడాదిని బ్రేకౌట్ సీజన్ (గుర్తింపు లేని ఆటగాడు ఉన్నట్టుండి పేరు తెచ్చుకునే సీజన్) అంటారు. ఈసారి ఆ వంతు ఎవరిది? ఏటా వేసవిలో అమెరికా క్రీడా విలేఖరులు, కోచ్‌లు, పందేలు కాసేవాళ్లు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతారు. దీనికి ఖచ్చితమైన జవాబు ఉండదు. కానీ జవాబు వెతకడానికి ఒక పద్ధతి ఉంది. నైపుణ్యం ఒక్క వేసవిలో పుట్టుకురాదు. అవకాశం మాత్రం ఒక్క వేసవిలో తెరుచుకోగలదు. అందుకే ముందు ఖాళీని వెతకాలి, ఆటగాణ్ణి ఆ తర్వాత.

ఆట, జట్టు

ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. మైదానంలో జట్టుకు 11 మంది. బంతిని చేతపట్టి పరుగెత్తవచ్చు, ముందుకు విసరవచ్చు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు సాగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. దాడిని నడిపేది క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని, ఎవరికి ఇవ్వాలో విసరాలో నిర్ణయించే ఆటగాడు). విసిరిన బంతిని పట్టేవాడు రిసీవర్. బంతి చంకన పెట్టుకుని దూసుకెళ్లేవాడు రన్నింగ్ బ్యాక్. క్వార్టర్‌బ్యాక్‌కు ముందు గోడలా నిలిచే అయిదుగురిని అఫెన్సివ్ లైన్ అంటారు.

పై శ్రేణిలో 130కి పైగా యూనివర్సిటీ జట్లున్నాయి. ఒక్కో జట్టులో వంద మంది దాకా ఉంటారు. ప్లేఆఫ్‌లకు ముందు సీజన్ అంటే 12 మ్యాచ్‌లే. ఎంఎస్ కోసం వెళ్లిన తెలుగు విద్యార్థులకు క్యాంపస్‌లో మ్యాచ్ జరిగే శనివారాల హడావిడి పరిచితమే. వాళ్లు చూసే జట్టులో చాలామంది కుర్రాళ్లు మ్యాచంతా గీత అవతలే నిలబడి ఉంటారు. రేపటి పేర్లు కొన్ని ఆ గుంపులోనే ఉంటాయి.

ఎందుకు మరుగున పడతారు?

మొదటి కారణం తొలి అంచనా. కుర్రాడు హైస్కూల్లో ఉండగానే రేటింగ్ సంస్థలు అతనికి స్టార్‌లు ఇస్తాయి. అయిదు స్టార్‌లు అత్యున్నతం. 247స్పోర్ట్స్ అనే సంస్థ ఏటా దాదాపు 32 మందికే అయిదు స్టార్‌లు ఇస్తుంది. వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్లను జట్లు వరసగా ఎంచుకునే ప్రక్రియ) తొలి రౌండులో ఎంపికలు కూడా మామూలుగా 32. ఆ లెక్కతోనే ఈ లెక్క.

ఈ రేటింగులు పనికిరానివి కావు. అయిదు స్టార్‌ల కుర్రాడు పైకి వచ్చే అవకాశం, మూడు స్టార్‌లవాడి కంటే చాలా ఎక్కువ. కానీ మూడు స్టార్‌లవాళ్లు చాలా ఎక్కువ మంది ఉంటారు. వాళ్లలో కొద్దిమందే పైకి వచ్చినా, సంఖ్యలో ఆ కొద్దిమందే చాలామంది అవుతారు. గుర్తింపు లేనివాళ్లలో వెతకడం వృథా కాకపోవడానికి కారణం ఇదే.

అంచనాకు గుడ్డి మచ్చలూ ఉంటాయి. కామ్ వార్డ్ హైస్కూలు జట్టు పరుగు మీదే ఆధారపడేది. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరే సందర్భాలే తక్కువ. విసరనివాడికి రేటింగ్ ఎలా ఇస్తారు? అతనికి ఒక్క స్టార్ కూడా రాలేదు. శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న యూనివర్సిటీలో మొదలుపెట్టి, వాషింగ్టన్ స్టేట్ మీదుగా మయామీ చేరి, 2024లో 39 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక అతనే.

రెండో కారణం వరస. ముందు మంచివాడుంటే వెనకున్న మంచివాడు కనబడడు. జో బరో ఒహాయో స్టేట్‌లో మూడు సీజన్‌లు జట్టులో ఉండి కూడా మొదటి క్వార్టర్‌బ్యాక్ కాలేకపోయాడు. మధ్యలో చేతికి గాయమైంది. 2018లో లూసియానా స్టేట్‌కు మారాకే పూర్తి సీజన్ ఆడాడు.

ఖాళీని లెక్కగట్టడం

కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో సీటు దొరికేది చాలాసార్లు వచ్చే స్టాపులో దిగేవాడి పక్కన నిలబడ్డవాడికి. జట్టులోనూ అంతే. చదువు ముగిసి వెళ్లేవాళ్లు, డ్రాఫ్ట్‌కు వెళ్లేవాళ్లు, వేరే కాలేజీకి మారేవాళ్లు ఎవరో చూస్తే ఖాళీ ఎక్కడ ఏర్పడుతుందో తెలుస్తుంది.

ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. ఒక జట్టు గత ఏడాది 400 సార్లు బంతి విసిరింది. వాటిలో 180 ఇద్దరు సీనియర్ రిసీవర్ల వైపు వెళ్లాయి. ఆ ఇద్దరూ ఇప్పుడు వెళ్లిపోయారు. మూడో రిసీవర్ వైపు 40 బంతులే వచ్చాయి. వాటితో అతను 400 గజాలు సాధించాడు. అంటే బంతికి పది గజాలు. మొత్తం చిన్నది కాబట్టి ఎవరూ గమనించలేదు. ఖాళీ అయిన 180లో సగం ఇతనికి వస్తే, ఈ ఏడాది అతని వైపు 130 బంతులు వస్తాయి. ఇప్పుడు ప్రత్యర్థులు అతని మీదే కన్నేస్తారు. సగటు పది నుంచి ఎనిమిదికి పడిపోయిందనుకుందాం. అయినా 1,040 గజాలు. రిసీవర్‌కు వెయ్యి గజాలంటే పేరున్న సీజన్.

ఇక్కడ ఆటగాడి నైపుణ్యం పెరగలేదు. ప్రయత్నానికి ఫలితం తగ్గింది కూడా. అవకాశం మూడింతలు దాటింది, అంతే. పత్రికల్లో మాత్రం ‘కొత్త తార ఉదయించింది’ అని వస్తుంది.

ఈ పనికి సిద్ధంగా ఉన్న కొలమానం రిటర్నింగ్ ప్రొడక్షన్ (గత ఏడాది జట్టు సాధించినదానిలో, ఈ ఏడాదీ ఉన్న ఆటగాళ్ల వాటా). బిల్ కానెలీ అనే విశ్లేషకుడు దీన్ని ఏటా జట్లవారీగా లెక్కగడతాడు. జట్టు బలం అంచనా వేయడానికి అతను దాన్ని వాడతాడు. మనం దాన్ని తిరగేసి చదవాలి. తిరిగి రానిది ఎంత? అది ఏ స్థానంలో?

ఏ అంకెను నమ్మాలి?

ఖాళీ దొరికాక ఆటగాణ్ణి చూడాలి. మొత్తాలు అవకాశాన్ని చూపిస్తాయి. సగటులు సామర్థ్యాన్ని చూపిస్తాయి. అందుకే సగటు చూడాలి. కానీ నాలుగైదు బంతుల మీద వచ్చిన సగటుకు విలువ లేదు. ఎవరి మీద సాధించాడన్నదీ ముఖ్యమే. గెలుపు ఖాయమైపోయిన మ్యాచ్ ఆఖర్లో, అలసిన ప్రత్యర్థి మీద సాధించిన గజాలను తగ్గించి లెక్కించాలి.

మరో భేదం కూడా ఉంది. కొన్ని అంకెలు ఏడాది నుంచి ఏడాదికి నిలుస్తాయి, కొన్ని నిలవవు. క్వార్టర్‌బ్యాక్‌ను బంతితో సహా పడగొట్టడాన్ని శాక్ అంటారు. రక్షణ ఆటగాడికి పేరు తెచ్చేది అదే. కానీ శాక్‌లు తక్కువ సంఖ్యలో వస్తాయి కాబట్టి అదృష్టం పాలు ఎక్కువ. క్వార్టర్‌బ్యాక్ దాకా చేరి ఎన్నిసార్లు కంగారు పెట్టాడన్న లెక్క మరింత నిలకడైనది. కంగారు పెట్టడం ఎక్కువ, శాక్‌లు తక్కువ ఉన్న కుర్రాడు కనబడితే, వచ్చే ఏడాది అతని శాక్‌లు పెరిగే అవకాశం ఉంది.

చుట్టూ ఎవరున్నారు?

ఇప్పుడు జాపీ సంగతి ఈ కళ్లతో చూడండి. 2020లో వెస్టర్న్ కెంటకీ దాడి బలహీనం. కొత్త క్వార్టర్‌బ్యాక్ కావాలి. ఇది ఖాళీ. ఆ యూనివర్సిటీ హ్యూస్టన్ బాప్టిస్ట్‌లో దాడిని రూపొందించిన జాక్ కిట్లీని తెచ్చుకుంది. జాపీ అతనితో వచ్చాడు. హ్యూస్టన్ బాప్టిస్ట్‌లో జాపీ విసిరిన బంతులు పట్టిన జెరెత్ స్టెర్న్స్ కూడా వచ్చాడు. కిట్లీ పద్ధతిలో బంతి ఎక్కువసార్లు విసురుతారు. పెద్ద జట్టు మీద 567 గజాల రుజువు ముందే ఉంది. ఖాళీ, కోచ్, పద్ధతి, తోడు, రుజువు: అయిదూ ఒకేచోట చేరాయి. స్టెర్న్స్ ఆ ఏడాది 150 బంతులు పట్టి 1,902 గజాలు సాధించాడు. ఇద్దరూ రాణిస్తారని ముందే చెప్పవచ్చు. 62 టచ్‌డౌన్‌లని మాత్రం ఎవరూ చెప్పలేరు.

బరో కథ దీనికి పూర్తిగా భిన్నం. 2018లో అతని పాస్‌లలో 57.8 శాతమే సరిగ్గా చేరాయి, టచ్‌డౌన్‌లు 16. మామూలు అంకెలు. 2019 సీజన్‌కు ముందు ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ పందేల్లో అతని మీద 200కు 1 ధర పలికింది. ఆ ఏడాది 76.3 శాతం పాస్‌లు చేరాయి, 60 టచ్‌డౌన్‌లు వచ్చాయి. జట్టు ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచింది. హైస్‌మన్ కూడా అతనిదే. ఏం మారింది? వృత్తి జట్టు న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ నుంచి వచ్చిన జో బ్రేడీ అనే యువ కోచ్, రిసీవర్లను మైదానమంతా పరిచే పద్ధతి తెచ్చాడు. జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ అనే ఇద్దరు రిసీవర్లు అదే ఏడాది విరుచుకుపడ్డారు. ముందున్న లైన్ ఆ ఏడాది దేశంలో ఉత్తమ లైన్‌కిచ్చే పురస్కారం గెలుచుకుంది. 2018 సీజన్ చివరి మ్యాచ్‌లో బరో 394 గజాలు, నాలుగు టచ్‌డౌన్‌లు సాధించడం ఒక్కటే ముందస్తు సూచన. వెనక్కి తిరిగి చూస్తే అది పెద్దగా కనబడుతుంది. అప్పుడు అది ఒక మ్యాచ్ మాత్రమే.

ఇప్పుడెందుకు ఎక్కువ?

గతంలో కాలేజీ మారితే మామూలుగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (మారదలచిన ఆటగాళ్ల పేర్లు నమోదయ్యే జాబితా) వచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఒకసారి మారితే వెంటనే ఆడవచ్చన్నారు. 2024లో చదువు సక్రమంగా సాగితే ఎన్నిసార్లయినా మారవచ్చన్నారు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మలతో ప్రకటనల సొమ్ము సంపాదించవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లించవచ్చు. ఆ ఏడాది పరిమితి యూనివర్సిటీకి సుమారు 2.05 కోట్ల డాలర్లు.

ఫలితాలు మూడు. ఒకటి, మరుగునపడ్డవాడు ఖాళీ ఉన్నచోటికి తానే వెళ్లవచ్చు. కోడీ ష్రేడర్ ట్రూమన్ స్టేట్ అనే చిన్న కాలేజీ తరఫున 2021లో 2,074 గజాలు పరుగెత్తాడు. అయినా మిజోరీ యూనివర్సిటీలో వాక్-ఆన్ (స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరినవాడు)గానే చేరాల్సి వచ్చింది. 2022లో 745 గజాలు, 2023లో 1,627. రెండు, ఖాళీ లెక్క కష్టమైంది. డిసెంబరులో కనబడిన ఖాళీని జనవరిలో బయటినుంచి వచ్చిన అనుభవజ్ఞుడు నింపేయవచ్చు. మూడు, చిన్న కాలేజీ తయారుచేసిన కుర్రాణ్ణి పెద్ద కాలేజీ డబ్బుతో తీసుకెళ్తుంది. చిన్న జట్టుకు ఏటా కొత్త ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో మరో అనామకుడు నిలబడతాడు.

ఈ జోస్యాలకు డబ్బు బరువూ పెరిగింది. 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు క్రీడా పందేల మీది కేంద్ర నిషేధాన్ని కొట్టేసింది. తర్వాత చాలా రాష్ట్రాలు పందేలను అనుమతించాయి. ఒక్కో ఆటగాడి అంకెల మీద కాసే పందేలను కాలేజీ క్రీడల్లో ఆపాలని కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ 2024లో కోరింది. కొన్ని రాష్ట్రాలు ఆపాయి. ఇరవై ఏళ్ల విద్యార్థి ఎవరి పందెమో పోగొట్టినందుకు తిట్లు తినడం అప్పటికే మామూలైపోయింది.

ఎక్కడ పొరబడతాం?

గెలిచినవాళ్ల కథలే మనకు గుర్తుంటాయి. జాపీలాగే కోచ్‌తో కలిసి మారి ఏమీ కాలేకపోయినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టుకోరు. అందుకే పై సూచనలు ఉన్నప్పటికంటే బలంగా కనబడతాయి. ఇంకో పొరపాటు, గత ఏడాది అసాధారణంగా మెరిసినవాడు ఈ ఏడాదీ అంతే మెరుస్తాడనుకోవడం. అసాధారణ ఫలితంలో అదృష్టం కొంత కలిసి ఉంటుంది. అది రెండోసారి రాకపోతే అంకె సగటు వైపు జారుతుంది. ఆటగాడు చెడిపోయాడని దానర్థం కాదు. ఇక 12 మ్యాచ్‌ల సీజన్‌లో ఒక్క మోకాలి గాయం అంచనా మొత్తాన్ని తుడిచేస్తుంది.

కాబట్టి మంచి జోస్యానికి షరతులు ఉండాలి. ‘ఫలానావాడు ఈ ఏడాది తార అవుతాడు’ అనేది నమ్మకం మాత్రమే. ‘ఇతని ముందున్నవాడు వెళ్లిపోయాడు, ఆ చోటికి బయటినుంచి ఎవరినీ తేలేదు, తక్కువ అవకాశాల్లోనే ఇతని సగటు బాగుంది, కొత్త కోచ్ పద్ధతి ఇతనికి సరిపోతుంది, ఈ నాలుగూ నిలిస్తే మూడింట ఒక వంతు అవకాశం’ అనేది అంచనా. సీజన్ అయ్యాక రెండోదాన్ని తిరిగి తెరిచి పరీక్షించవచ్చు. ఏ షరతు తప్పిందో వేలు పెట్టి చూపవచ్చు. ఆ దిద్దుబాటు వచ్చే ఆగస్టు అంచనాలోకి వెళ్తుంది.