ఐఐటీ సీటు: ర్యాంకు వచ్చాక ఏం జరుగుతుంది?

జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు 2025లో జూన్ 2న వచ్చాయి. మర్నాడే సీట్ల కేటాయింపు చేసే జోసా పోర్టల్ తెరుచుకుంది. రెండేళ్లపాటు తెల్లవారుజామున లేచి చదివిన పిల్లలకూ, అప్పోసప్పో చేసి ఫీజులు కట్టిన తల్లిదండ్రులకూ ఆ తర్వాతి పది రోజులు ఊపిరాడనివ్వవు. ర్యాంకు తెచ్చుకోవడం ఒక ఎత్తు, ఆ ర్యాంకుకు రావాల్సిన సీటు చేజారకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు. మొదటి దానికి మన ఊళ్లలో వీధికో శిక్షణ కేంద్రం ఉంది. రెండో దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ వివరణ.

క్వాలిఫై అయితే సీటు వచ్చినట్టేనా?

కాదు. 2025లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షలకు పైనే. వాళ్లలో అన్ని కేటగిరీలూ కలిపి సుమారు రెండున్నర లక్షల మందికి అడ్వాన్స్‌డ్ రాసే అర్హత దక్కింది. రెండు పేపర్లూ రాసినవాళ్లు 1,80,422 మంది. క్వాలిఫై అయినవాళ్లు 54,378 మంది. దేశంలోని 23 ఐఐటీల్లో ఉన్న సీట్లు 18,160. అంటే క్వాలిఫై అయిన ప్రతి ముగ్గురిలో ఒకరికే సీటు.

ఇక్కడ రెండు నిబంధనలు చాలామంది దృష్టికి రావు. మొదటిది, మొత్తం మార్కులతో పాటు ఒక్కో సబ్జెక్టులో కూడా కనీస మార్కులు రావాలి. 2025లో కామన్ ర్యాంకు లిస్టులోకి రావడానికి 360కి 74 మార్కులు, ఒక్కో సబ్జెక్టులో 120కి 7 మార్కులు కావాల్సి వచ్చాయి. 7 మార్కులే కదా అనిపిస్తుంది. కానీ మ్యాథ్స్, ఫిజిక్స్‌లో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా, నెగెటివ్ మార్కులు పోను కెమిస్ట్రీలో ఆ 7 మిగలకపోతే ర్యాంకే ఉండదు. పేపరు కష్టాన్ని బట్టి ఈ కటాఫ్ ఏటా మారుతుంది. 2024లో మొత్తం మీద 109 కావాల్సి వచ్చింది.

రెండోది ఇంటర్ మార్కులు. ఐఐటీలో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా మన బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 65 శాతం చాలు. జేఈఈ ధ్యాసలో పడి ఇంగ్లిష్, సంస్కృతం పుస్తకాలు ముట్టని పిల్లలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆప్షన్ల లెక్క

సీటు కోసం జోసా పోర్టల్‌లో కాలేజీలనూ బ్రాంచిలనూ ఇష్టం వరసలో ఆప్షన్లుగా పెట్టాలి. ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టించిన ఇళ్లలో ఈ పని కొత్త కాదు. కానీ ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. ‘నీ ర్యాంకుకు అది రాదు, మొదట్లో పెట్టి ఆప్షన్ వృథా చేసుకోకు’ అనే సలహా ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. అది తప్పు సలహా. ఎందుకో చూద్దాం.

నల్గొండ కుర్రాడి ర్యాంకు 4,500, కర్నూలు కుర్రాడి ర్యాంకు 4,600 అనుకుందాం. ఇద్దరిదీ ఒకే కేటగిరీ. ఒకానొక ఐఐటీలో ఎలక్ట్రికల్ సీటు ఒక్కటే మిగిలింది. కర్నూలు కుర్రాడు దాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టాడు. నల్గొండ కుర్రాడు దాని పైన 39 ఆప్షన్లు పెట్టుకుని, దీన్ని నలభయ్యోదిగా పెట్టాడు. ఆ 39లో ఏదీ రాలేదు. ఇప్పుడు ఈ ఎలక్ట్రికల్ సీటు ఎవరికి?

నల్గొండ కుర్రాడికే. ఒక సీటు కోసం ఇద్దరు పోటీపడినప్పుడు కంప్యూటర్ ర్యాంకునే చూస్తుంది. ఎవరు దాన్ని ఎన్నో ఆప్షన్‌గా పెట్టారన్నది చూడదు. పైన పెట్టిన 39 ఆప్షన్ల వల్ల అతనికి నష్టమేమీ జరగలేదు.

లోపల జరిగేది ఇదీ. మొదట ప్రతి విద్యార్థినీ తన తొలి ఆప్షన్ దగ్గర నిలబెడతారు. అక్కడ సీట్లున్నంత వరకు మంచి ర్యాంకులను తాత్కాలికంగా ఉంచి, మిగతావాళ్లను వాళ్ల తర్వాతి ఆప్షన్‌కు పంపిస్తారు. అలా వచ్చినవాడి ర్యాంకు అక్కడ అప్పటికే ఉన్నవాడి ర్యాంకు కన్నా మెరుగైతే, ఉన్నవాడు తన తర్వాతి ఆప్షన్‌కు వెళ్తాడు. ఇక ఎవరూ కదలాల్సిన అవసరం లేనంత వరకు ఇది నడుస్తుంది. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణిత శాస్త్రవేత్తలు 1962లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఈ సిద్ధాంతానికి గాను షాప్లీకి, దాన్ని ఆచరణలో పెట్టిన ఆల్విన్ రాత్‌కు 2012లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. 2015లో ఐఐటీలకూ ఎన్ఐటీలకూ ఉమ్మడి కౌన్సెలింగ్ మొదలైనప్పటి నుంచి మన దేశంలో సీట్లు పంచుతున్నది ఈ పద్ధతి ఆధారంగానే.

దీన్నుంచి తేలే సూత్రాలు రెండు. ఒకటి, నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో అదే వరసలో పెట్టండి. నిరుటి క్లోజింగ్ ర్యాంకులు జోసా సైట్‌లో ఉంటాయి. వాటిని అంచనాకు వాడుకోండి, కోరికలు కోసేసుకోవడానికి కాదు. నిరుడు 4,400 దగ్గర ఆగిన సీటు ఈ ఏడు 4,600 దాకా రావచ్చు. రెండు, చేరడం ఇష్టంలేని కోర్సును అసలు పెట్టకండి. వచ్చిన సీటును గడువులోగా ఒప్పుకోకపోతే మిగతా రౌండ్లకు కూడా దూరమవుతారు. అయిదేళ్ల కోర్సుకూ నాలుగేళ్ల కోర్సుకూ తేడా చూసుకోకుండా పెట్టడం తరచూ జరిగే పొరపాటు.

ఆడపిల్లలున్న ఇళ్లలో ఇంకొకటి గమనించాలి. 2018 నుంచి ఐఐటీల్లో అమ్మాయిలకు అదనపు సీట్లు కేటాయిస్తున్నారు. వాటి క్లోజింగ్ ర్యాంకులు వేరే వరసలో ఉంటాయి. అందరికీ కలిపి ఉన్న వరస చూసి రాదనుకుని వదిలేసిన సీటు అమ్మాయిల వరసలో అందుబాటులో ఉండొచ్చు.

ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్

సీట్ల కేటాయింపు అయిదారు రౌండ్లలో సాగుతుంది. సీటు వచ్చాక మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఫ్రీజ్ అంటే ఈ సీటు చాలు, ఇక ముందుకు వెళ్లను అని. ఫ్లోట్ అంటే ఈ సీటు ఉంచుకుంటాను, లిస్టులో దీని పైనున్నది ఎక్కడ వచ్చినా వెళ్తాను అని. స్లైడ్ అంటే కాలేజీ ఇదే కావాలి, ఇందులోనే పైన పెట్టిన బ్రాంచి వస్తే మారతాను అని.

ఫ్లోట్ పెడితే ఉన్న సీటు పోతుందేమోనని చాలామంది భయపడతారు. మెరుగైనది రాకపోతే ఉన్నది ఎక్కడికీ పోదు. అయితే పైది వచ్చిందంటే పాతది తిరిగి రాదు, లిస్టు లాక్ అయ్యాక వరస మార్చడమూ కుదరదు. అందుకే ఆ లిస్టు నిదానంగా రాయాలి. ‘చేరాక బ్రాంచి మార్చుకోవచ్చులే’ అనే ధీమా కూడా పనికిరాదు. కొన్ని ఐఐటీలు ఆ వీలును ఎత్తేశాయి.

కాగితాలే అసలు ముప్పు

మన రెండు రాష్ట్రాల్లో బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అనే విభజన ఉంది. ఐఐటీలకు అది వర్తించదు. వాళ్లకు కావాల్సింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో తహసీల్దారు ఇచ్చే ఓబీసీ-ఎన్‌సీఎల్ సర్టిఫికెట్. పైగా రాష్ట్ర జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు. మీ కులం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో ఇంటర్ మొదటి ఏడాదిలోనే చూసుకోండి.

ఓబీసీ-ఎన్‌సీఎల్‌కూ, ఆర్థికంగా బలహీన వర్గాల (ఈడబ్ల్యూఎస్) కోటాకూ ఆదాయ పరిమితి 8 లక్షలే అయినా లెక్క ఒకటి కాదు. ఓబీసీ క్రీమీలేయర్ లెక్కలో జీతాన్ని, వ్యవసాయ ఆదాయాన్ని కలపరు. తల్లిదండ్రులు ప్రభుత్వ ఉద్యోగులైతే వాళ్ల హోదాను చూస్తారు. ఈడబ్ల్యూఎస్‌కు జీతం, సేద్యం, వ్యాపారం అన్నీ కలుపుతారు. అయిదెకరాల వ్యవసాయ భూమి ఉంటే ఆదాయం తక్కువైనా ఈడబ్ల్యూఎస్ రాదు. ఈ రెండు సర్టిఫికెట్లూ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవై ఉండాలి. నిరుటిది చెల్లదు. మే నెల ఎండల్లో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చేది ఇందుకే. ఏప్రిల్ మొదటి వారంలోనే మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెడితే జూన్‌లో హైరానా ఉండదు.

డబ్బు, గడువు

2024లో ఉత్తర్ ప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దళిత కూలీ కొడుక్కి ఐఐటీ ధన్‌బాద్‌లో ఎలక్ట్రికల్ సీటు వచ్చింది. సీటు ఖాయం చేసుకోవడానికి 17,500 రూపాయల ఫీజు కట్టాలి, గడువు సాయంత్రం 5 గంటలు. ఊళ్లో వాళ్ల సాయంతో డబ్బు కూడబెట్టి పోర్టల్‌లో చెల్లింపు పూర్తిచేసేలోపే సమయం దాటిపోయింది. సీటు పోయింది. అతనికి అది రెండో ప్రయత్నం. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లే రాయనిస్తారు కాబట్టి మూడోది లేదు. చివరికి సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు 142వ అధికరణం కింద తన విశేషాధికారం వాడి, మరెవరి సీటూ పోకుండా అతన్ని చేర్చుకోమంది.

న్యాయం జరిగింది. కానీ ప్రతి కూలీ బిడ్డా ఢిల్లీ దాకా వెళ్లలేడు. తెలుగు జిల్లాల్లోనూ ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఫలితాలకు ముందే ఆ ఫీజుకు కావాల్సిన డబ్బు ఖాతాలో ఉంచుకోవడం, ఆఖరి రోజు దాకా ఆగకుండా కట్టేయడం తప్పనిసరి.

ఇక చదువు ఖర్చు. ఐఐటీ బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి రెండు లక్షలని విని వెనక్కి తగ్గొద్దు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షలోపు ఉన్నవాళ్లకూ పూర్తి మాఫీ ఉంది. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. హాస్టల్, మెస్ ఖర్చులు వేరు. వాటికి 2024లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద తాకట్టు, హామీదారు లేకుండానే బ్యాంకు రుణం దొరుకుతుంది.

జూనియర్ కాలేజీలకు ఒక మనవి. ర్యాంకు కోసం పిల్లల చేత రెండేళ్లు చదివిస్తున్నారు. మే నెలలో రెండు రోజులు కేటాయించి, తల్లిదండ్రులను కూడా పిలిచి ఆప్షన్లు ఎలా పెట్టాలో, ఏ కాగితం ఎక్కడ తీసుకోవాలో చూపించండి. పెద్ద ర్యాంకుల ఫ్లెక్సీలో ఫొటో పడని పిల్లలకే ఈ సాయం ఎక్కువ అవసరం. తల్లిదండ్రులకూ ఒక మాట. లిస్టులో మొదటి వరస పక్కింటివాళ్ల మాటతోనో, ప్యాకేజీల వార్తలతోనో నింపకండి. నాలుగేళ్లు ఆ క్లాసులో కూర్చునేది మీ బిడ్డ. ఆ వరస ఆ బిడ్డ ఇష్టంతో రాయించండి.