ఆంధ్రప్రదేశ్ పాఠశాల గణితం - జాతీయ చట్రంతో అనుసంధానం

ఒక రాష్ట్రపు పాఠశాల గణితాన్ని దేశమంతటికీ ఉద్దేశించిన లక్ష్యాలకు, తరగతుల వారీ క్రమానికి సరిపోయేటట్లు సవరించుటను పాఠ్యప్రణాళిక అనుసంధానం అనవచ్చును. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో ఈ ప్రక్రియ 2011లో మొదలై, 2014-15లో పదవ తరగతికి చేరినది.

నేపథ్యం

1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా విద్య ఉమ్మడి జాబితాలో చేరినది. అయినను రాష్ట్రాలు స్వంత పాఠ్యపుస్తకాలను ప్రచురించుకొంటూనే ఉన్నాయి. ప్రొఫెసర్ యశ్ పాల్ అధ్యక్షతన ఎన్.సి.ఇ.ఆర్.టి. రూపొందించిన జాతీయ విద్యాప్రణాళికా చట్రం (2005), పిల్లల ఆలోచనా విధానాన్ని గణితీకరించుటయే గణిత బోధన ప్రధాన లక్ష్యమని పేర్కొన్నది. దానిని అనుసరించి రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ 2011లో రాష్ట్ర పరిధిపత్రాన్ని తయారు చేసినది.

పదవ తరగతిలో మార్పులు

పాత పుస్తకంలోని ప్రవచనాలు, ప్రమేయాలు, లీనియర్ ప్రోగ్రామింగ్, మాత్రికలు, కంప్యూటింగ్ తొలగించబడినవి. సంభావ్యత కొత్తగా చేరినది. అయితే కొత్త పుస్తకం జాతీయ పుస్తకానికి నకలు కాదు. సమితులు, గుణశ్రేఢి ఆనాటి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలలో 11వ తరగతి పాఠాలు. రాష్ట్రం వాటిని, సంవర్గమానాలతో సహా, పదవ తరగతిలోనే ఉంచినది.

మూల్యాంకనానికి ఐదు విద్యాప్రమాణాలు నిర్ణయించబడినవి: సమస్యా సాధన, కారణాలు చెప్పి నిరూపించుట, వ్యక్తపరచుట, అనుసంధానం, దృశ్యీకరణ.

పాఠ్యాంశాల క్రమం - ప్రాముఖ్యం

ఒక పాఠాన్ని తీసివేయుటకు ముందు, దానిపై ఆధారపడిన పై పాఠాలేవో చూడవలసి ఉంటుంది. ఉదాహరణకు ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రంలోని పి.హెచ్. విలువ సంవర్గమానంపై ఆధారపడినది. హైడ్రోజన్ అయాన్ల గాఢత 10వ వంతుకు తగ్గితే పి.హెచ్. 1 పెరుగుతుంది. సంవర్గమానం తెలియని విద్యార్థికి ఇది అర్థంకాని లెక్కగానే మిగిలిపోతుంది. అలాగే మాత్రికలను పదవ తరగతి నుండి తొలగించినందున, విద్యార్థి వాటిని ఇంటర్మీడియట్‌లోనే తొలిసారి చూస్తాడు. కాబట్టి అక్కడి బోధన మొదటి మెట్టు నుండి ఆరంభం కావాలి.

పాఠాలను పై తరగతులకు జరుపుట వలన కింది తరగతులలో భారం తగ్గి, అవగాహనకు సమయం దొరుకుతుంది. కాని పదవ తరగతితో చదువు ఆపివేసే విద్యార్థికి ఆ పాఠాలు ఇక ఎన్నడూ అందవు. అనుసంధానంలో అన్నిటికంటె కఠినమైన నిర్ణయం ఇదే.

తరువాతి పరిణామాలు

2014లో రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు తమ పాఠ్యపుస్తకాలను వేర్వేరుగా నిర్వహించుకొనసాగినవి. 2023లో పాఠశాల విద్యకు కొత్త జాతీయ చట్రం వెలువడుటతో, ఏ పాఠం ఏ తరగతిలో ఉండవలెనను ప్రశ్న మరల ముందుకు వచ్చినది.