క్వాంటం వలయముల కుదింపు

హైదరాబాదు పడమటనున్న గచ్చిబౌలి నుండి తూర్పుననున్న పెద్ద అంబర్‌పేట్‌కు నగరము నడుమగా పోవచ్చును. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదుగను పోవచ్చును. బయలుదేరు చోటు, చేరు చోటు ఒకటే; దారిలోని కూడళ్లు మాత్రమే వేరు. క్వాంటం గణనలోను ఇట్టి సమస్యయే కలదు.

క్వాంటం కంప్యూటరులో సమాచారమునకు మూలము క్యూబిట్. క్యూబిట్ల స్థితిని మార్చు ఒక్కొక్క చర్యను ద్వారమందురు. ద్వారముల వరుసయే వలయము. ప్రతి ద్వారము వద్దను దోషము చేరు భయమున్నది. ఒక్కొక్క ద్వారము నూటికి 99 సార్లు సరిగా పనిచేయుననుకొందము. అప్పుడు 100 ద్వారములు గల వలయము దోషము లేక ముగియు అవకాశము నూటికి సుమారు 37 మాత్రమే. అదే పనిని 50 ద్వారములతో ముగించినచో అది 60కి పైగా పెరుగును. కాబట్టి వలయమును కుదించుట కేవలము పొదుపు కాదు. సరియైన జవాబు వచ్చుటకే అది అవసరము.

కుదించుటకు రెండు మార్గములు గలవు. మొదటిది ఉన్న వరుసను సవరించుట. సీనాట్ అను ద్వారము మొదటి క్యూబిట్ 1 అయినపుడు రెండవదానిని తారుమారు చేయును. 0 అయినపుడు దాని జోలికి పోదు. వెంటవెంటనే రెండుమార్లు ప్రయోగించినచో పూర్వస్థితియే వచ్చును. కావున ఆ రెంటిని కొట్టివేయవచ్చును.

రెండవది పునఃసంశ్లేషణ. రెండు క్యూబిట్లపై జరుగు ఒక భాగమును వేరుచేసి, దాని మొత్తము ఫలితమును 4 అడ్డువరుసలు, 4 నిలువువరుసలు గల మాత్రికగా లెక్కింతురు. పిదప పాత ద్వారములను విడిచి, అదే మాత్రికనిచ్చు క్రొత్త వలయమును నిర్మింతురు. ఒంటి క్యూబిట్ ద్వారముల తోడున్నచో, రెండు క్యూబిట్ల ఎట్టి చర్యకైనను 3 సీనాట్లు చాలునని 2004లో నిరూపింపబడినది. కొన్నింటికి 3 తప్పవు. రెండు క్యూబిట్ల స్థితులను పరస్పరము మార్చుట అట్టిది. 1, 0 లతో ప్రారంభించి, నడిమి సీనాట్‌ను ఎదురుదిశలో ప్రయోగించినచో వరుసగా 1, 1, 0, 1, 0, 1 వచ్చును. ఈ లెక్కను విద్యార్థులు కాగితముపై సరిచూడవచ్చును.

మొత్తము వలయమును ఒకేమారు ఇట్లు తిరుగ కట్టరాదా? 10 క్యూబిట్లకే మాత్రికలో 1024 అడ్డువరుసలు, 1024 నిలువువరుసలు ఉండును. ప్రతి క్రొత్త క్యూబిట్‌తో అవి రెట్టింపగును. అందుచేత చిన్న చిన్న భాగములుగానే ఈ పని సాగును. 2025లో అమరావతికి ప్రకటింపబడిన ఐబీఎం యంత్రపు హెరాన్ ప్రాసెసరులో 156 క్యూబిట్లు గలవు. అట్టి యంత్రమునకు వ్రాయు ప్రతి వలయమునకును ముందుగా ఈ కుదింపు జరుగవలసినదే.