వణుకుడికి మందు

యూఏఈలోని రాస్ అల్ ఖైమాలో బండి ఉన్నవాడు తెల్లవారుజామున బయలుదేరితే, ఎండ ముదిరేలోగా మూడు రకాల నేల చూసి రావచ్చు. అవాఫీ దగ్గర ఎర్ర ఇసుక, షౌకా వైపు వాదీల్లో (ఎండిన వాగుల్లో) గుండ్రాళ్ళు, జబల్ జైస్ మీదికి మెలికలు తిరిగే నున్నటి తారు. తిరుగుదారిలో హైవే మీద క్వారీ లారీలు విసిరే గాలి అదనం. ఇన్నిటికీ పనికొచ్చేది డ్యూయల్ స్పోర్ట్ బండి. హిమాలయన్‌నో ఎక్స్‌పల్స్‌నో చూసినవాళ్ళకి దాని రూపం చెప్పక్కర్లేదు: ముందు 21 అంగుళాల సన్నటి చక్రం, పొడుగాటి షాకులు, ఎత్తు సీటు. కొన్నాళ్ళు నడిపాక ప్రతివాడికీ ఒకే అనుమానం వస్తుంది. హ్యాండిల్‌కి స్టీరింగ్ స్టెబిలైజర్ వేయించాలా, ఆ డబ్బు దండగా?

దానికి ముందు అసలు హ్యాండిల్ ఎందుకు వణుకుతుందో చూడాలి. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

హ్యాండిల్ ఏ ఇరుసు చుట్టూ తిరుగుతుందో, ఆ ఇరుసును ఒక గీతగా నేల దాకా పొడిగించండి. చక్రం నేలను తాకే చోటు ఆ గీతకి కాస్త వెనక ఉంటుంది. ఈ ఎడాన్ని ట్రెయిల్ అంటారు. డ్యూయల్ స్పోర్ట్ బళ్ళలో ఇది నాలుగు అంగుళాలకు అటూ ఇటూ. చక్రం పక్కకి తిరిగితే నేల దాన్ని అడ్డంగా తోస్తుంది. ఆ తోపు ఇరుసుకి వెనక తగులుతుంది కాబట్టి చక్రం మళ్ళీ నిటారుగా తిరుగుతుంది. చేతులు పట్టుకున్నా పట్టుకోకపోయినా బండి దారి దిద్దుకోవడానికి పెద్ద సాయం ఇదే.

మరి దిద్దుకునేది వణకడం దేనికి? రబ్బరు బద్ధకం వల్ల. చక్రం పక్కకి తిరిగిన క్షణంలోనే అడ్డంతోపు పూర్తిగా పుట్టదు. టైరు కొంతదూరం దొర్లి, సాగి, వంగాక గాని బలం చేరుకోదు. ఈలోగా చక్రం నడిమికి వచ్చేస్తుంది, ఆలస్యంగా పుట్టిన తోపు మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది. అది చక్రాన్ని అవతలి వైపుకి దాటించేస్తుంది. అక్కడా అదే కథ. ఆలస్యమైన ప్రతి తోపూ, బండి ముందుకు పోయే శక్తిలోంచి కాస్త తీసుకొచ్చి వణుకులో కలుపుతుంది. ఆ శక్తి ఖర్చయ్యే దారి లేకపోతే హ్యాండిల్ సెకనుకి ఆరు నుంచి పది సార్లు కొట్టుకుంటుంది. చేతులతో ఆపుదామనుకునేవాడికి అంత వేగంగా స్పందించే నరాలు ఉండవు. బిగపట్టిన కొద్దీ పరిస్థితి చెడవచ్చు కూడా.

1971లో రాబిన్ షార్ప్ అనే బ్రిటిష్ ఇంజనీరు ఈ టైరు ఆలస్యాన్ని లెక్కల్లోకి తెచ్చి, మోటార్‌సైకిల్ అదుపు తప్పే దారులు మూడని తేల్చాడు. ఒకటి నెమ్మదిగా పక్కకి ఒరిగిపోవడం. రెండోది ముందు చక్రం వణుకు. మూడోది బండి మొత్తం పాములా ఊగడం, సెకనుకి రెండు నుంచి నాలుగు సార్లు. ఆ లెక్కల్లోంచే ఇంకో సంగతి బయటపడింది. హ్యాండిల్ తిప్పుడుకి అడ్డు పెంచితే వణుకు చస్తుంది. కానీ వేగంగా పోతున్నప్పుడు ఊగుడు పెరుగుతుంది!

ఇదెలా? ముందు ఆ అడ్డు సంగతి. స్టెబిలైజర్ అంటే నూనె నింపిన చిన్న గది. అందులో ఒక రెక్క. రెక్క హ్యాండిల్‌కీ, గది ఫ్రేముకీ బిగించి ఉంటాయి, లేదా దానికి తలకిందులుగా. హ్యాండిల్ తిరిగితే రెక్క కదిలి నూనెని సన్నటి సందుల్లోంచి నెడుతుంది. నీళ్ళ తొట్టిలో చెయ్యి మెల్లగా ఆడిస్తే అడ్డు తెలియదు, విసురుగా కొడితే తెలుస్తుంది, ఇదీ అంతే. హ్యాండిల్ ఎక్కడుందో దానికి పట్టదు, ఎంత వేగంగా తిరుగుతోందన్నదే పడుతుంది. వణుకులోని శక్తిని నూనె వేడిగా మార్చేస్తుంది.

ఇప్పుడు ఊగుడు. బండి ఎడమకి ఒరిగితే ముందు చక్రం తనంతట తాను ఎడమకి తిరిగి బండిని మళ్ళీ కిందనుంచి పట్టుకోవాలి. నూనె ఆ తిప్పుడినీ నెమ్మదింపజేస్తుంది. దిద్దుబాటు ఆలస్యమైతే బండి ఊగుతుంది. అంటే వణుకుడికి మందే ఊగుడికి విషం, మోతాదు మించితే.

పాత బ్రిటిష్ బళ్ళలో హ్యాండిల్ నడుమ ఉండే నల్లటి మర గుర్తుందా? అది బిగిస్తే లోపల పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకునేవి. సైడ్‌కారు తగిలించినవాళ్ళకి తప్పనిసరి. అయితే పలకల రాపిడి మెల్లగా తిప్పినా విసురుగా తిప్పినా ఒకేలా అడ్డుతుంది, మనకి కావలసింది అది కాదు. నూనె వచ్చాక ఆ మర వెనకబడింది.

అమెరికాలో ఆఫ్‌రోడ్ రైడర్లు వదిలిపెట్టని ఒక పంచాయితీ ఉంది, అడ్డు ఏ వైపు ఉండాలన్నది. ఓలిన్స్ తయారుచేసే స్కాట్స్ స్టెబిలైజర్ హ్యాండిల్ నడిమి నుంచి పక్కకి పోయేటప్పుడే అడ్డుతుంది, తిరిగి వచ్చేటప్పుడు వదిలేస్తుంది. మెల్లటి కదలికకి ఒక మర, రాయి దెబ్బకి వేరే మర. జీపీఆర్ అనే కంపెనీ వాళ్ళది రెండు వైపులా, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అడ్డుతుంది. నా ఓటు స్కాట్స్‌కి. చక్రం నడిమికి రావడమే మనకి కావలసింది, దానికి అడ్డెందుకు?

మిగతా కథ తొందరగా చెప్పేస్తాను. 1997లో వచ్చిన సుజుకి టీఎల్1000ఎస్ హ్యాండిల్ ఎంత కొట్టుకుందంటే, కంపెనీ బళ్ళని వెనక్కి పిలిపించి డ్యాంపర్ (స్టెబిలైజర్‌కే ఇంకో పేరు) బిగించింది. 2004లో హోండా తన సీబీఆర్1000ఆర్ఆర్‌కి ఎలక్ట్రానిక్ డ్యాంపర్ పెట్టింది; నెమ్మదిగా ఉంటే వదులు, వేగం పెరిగితే బిగువు. తర్వాత ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు, షార్ప్ కూడా వాళ్ళలో ఒకడు, డ్యాంపర్‌కి ఇనర్టర్ అనే మరో పరికరం జోడిస్తే వణుకునీ ఊగుడునీ రెండింటినీ అణచవచ్చని చూపించారు.

ఇక అసలు ప్రశ్న. ఇసుకలో చక్రం దిగబడితే అడ్డు ముందువైపు నుంచి వస్తుంది, ట్రెయిల్ చేసే మేలు తగ్గిపోతుంది, హ్యాండిల్ మడతపడబోతుంది. స్టెబిలైజర్ దాన్ని నడిమికి తేదు, ఎందుకంటే అందులో స్ప్రింగు లేదు. మడత నెమ్మదిగా పడేలా చేసి యాక్సిలరేటర్ తిప్పే వ్యవధి ఇస్తుంది, అంతే. దుబాయ్‌లో ఉంటూ ఇసుక నేర్చుకుని 2017లో, 2022లో డాకర్ ర్యాలీ గెలిచిన శాం సండర్లాండ్ లాంటివాళ్ళకి ఆ వ్యవధి విలువైనది, వాళ్ళ ర్యాలీ బళ్ళలో ఇది మామూలు సరంజామా. వారాంతంలో గంటకి అరవై కిలోమీటర్ల మీద తిరిగేవాడికి సీట్లో వెనక్కి జరిగి కూర్చోవడం ఇంకా ఎక్కువ పనిచేస్తుంది. తారు మీద లాభం తక్కువ, మెలికల్లో హ్యాండిల్ బరువెక్కడం నష్టం. నిజంగా డబ్బు రాబట్టేది వాదీ రాళ్ళలోనే. పక్కనుంచి తగిలే రాయి హ్యాండిల్‌ని ఒక్కసారిగా విదిలిస్తుంది, బొటనవేళ్ళు మడతపడేది అక్కడే. విసురుకి అడ్డుపడటమే కదా నూనె పని.

మౌంటుతో కలిపి ఐదారువందల డాలర్లు, అంటే రెండువేల దిర్హాములకి అటూ ఇటూ. తారు మీదే వణికే బండికి మాత్రం ముందు అది కొనొద్దు. మెకానిక్ చేత కోన్ సెట్ (హ్యాండిల్ ఇరుసు బేరింగులు) చూపించండి, ముందు టైరు అరుగుదల, గాలి చూడండి, వెనక పెట్టె బరువు దించండి. వదులైన కోన్ సెట్‌ని స్టెబిలైజర్ దాచిపెడుతుంది, బాగు చెయ్యదు. ఇవన్నీ సరిగా ఉండి, నెలకి నాలుగు వారాంతాలూ రాళ్ళలోనే గడిపేవాడైతే నిక్షేపంగా వేయించుకోవచ్చు. మొదట మర పూర్తిగా వదులు చేసి, రాళ్ళలో ఒక్కో క్లిక్కు బిగిస్తూ, దెబ్బ చేతుల దాకా రానిచోట ఆపాలి. అదే బిగువుతో హైవే ఎక్కినప్పుడు వెనక భాగం ఊగినట్టనిపిస్తే, రెండు క్లిక్కులు వెనక్కి.