పొద్దున సైకిలు... సాయంత్రం కారు!
హైవే పక్కనున్న ప్యాపిలిలో రెండింటి అభిమానులూ తెలుసుకోవలసిన విషయాలెన్నో

ప్యాపిలి: తూరుపు తెల్లవారకముందే సైకిలు తీసి రోడ్డెక్కేవారు కొందరు. ఆదివారం వచ్చిందంటే బకెట్టు నీళ్లు, పాత గుడ్డ పట్టుకుని కారు ముందు కూర్చునేవారు మరికొందరు. ఈ రెండు అలవాట్లూ ఉన్నవారు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తున్నారు. నంద్యాల జిల్లాలోని ప్యాపిలి వంటి ఊరిలో ఈ అభిరుచికి ఒక ప్రత్యేకత ఉంది. దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు కలిపే 44వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కగానే సాగుతుంది. కారు నడిపేవారికి అంత మంచి దారి దొరకడం వరం. సైకిలు తొక్కేవారికి మాత్రం అదే దారి ప్రాణభయం. రెండింటినీ ఇష్టపడే వ్యక్తికి ఈ సంగతి ఇరువైపుల నుంచీ తెలుస్తుంది. అందుకే అతని దినచర్యలో మిగిలినవారు నేర్చుకోదగినవి చాలా ఉన్నాయి.

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా...
ఒకప్పుడు ఇది ఏడో నంబరు జాతీయ రహదారి. వారణాసి నుంచి కన్యాకుమారి వరకు ఉండేది. 2010లో జాతీయ రహదారుల నంబర్లను మార్చినప్పుడు శ్రీనగర్-కన్యాకుమారి మార్గంలో భాగమై 44గా మారింది. ఊళ్లో పెద్దలు ఇప్పటికీ 'సెవెన్ రోడ్డు' అనడం వింటుంటాం. హైదరాబాద్, కర్నూలు, డోన్, ప్యాపిలి, గుత్తి, అనంతపురం మీదుగా బెంగళూరుకు వెళ్లే వాహనాలు రేయింబవళ్లు ఈ దారిన సాగుతుంటాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక ప్యాపిలి కర్నూలు నుంచి విడివడి కొత్త జిల్లాలో చేరింది.

దేశాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి సైకిలుపై చుట్టేసే సాహసికులకూ ఇదే రాజమార్గం. కశ్మీర్ యువకుడు ఆదిల్ తేలీ 2021లో శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి 8 రోజుల 1 గంట 37 నిమిషాల్లో చేరుకుని గిన్నిస్ రికార్డు సాధించారు. ఢిల్లీ, ఆగ్రా, గ్వాలియర్, హైదరాబాద్, మదురై మీదుగా ఆయన ప్రయాణం సాగింది. హెల్మెట్ పెట్టుకుని, వెనుక ఎర్రదీపం మిణుకుమంటుండగా ఒంటరిగా సాగిపోయే ఇలాంటి యాత్రికులు చలికాలంలో ఈ దారిపై అప్పుడప్పుడు కనిపిస్తారు. దాబాల వద్ద ఆగి టీ తాగే ఆ కొద్ది నిమిషాల్లోనే చుట్టూ కుర్రకారు మూగి, గేర్లు ఎన్ని, ధర ఎంత అని ఆరా తీయడం పరిపాటి.

ఒక తల్లి బిడ్డలే...
కారు సంపన్నులది, సైకిలు పేదవారిది అన్న భావన మన సమాజంలో బలంగా ఉంది. చరిత్ర చూస్తే రెండూ ఒక ఇంటి బిడ్డలే. రెండు చక్రాలు దాదాపు సమానంగా ఉండి, వెనుక చక్రాన్ని చైను తిప్పే సైకిలును ఇంగ్లండుకు చెందిన జాన్ కెంప్ స్టార్లీ 1885లో తయారు చేశారు. మరుసటి ఏడాది, 1886 జనవరి 29న జర్మనీలో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు దరఖాస్తు చేశారు. ఆ మూడు చక్రాల బండికి వాడినవి సైకిలు తరహా పుల్లల చక్రాలే. ఇంజిను శక్తిని వెనుక చక్రాలకు అందించినది కూడా చైనే. 1888లో డన్‌లప్ రూపొందించిన గాలి టైరు ముందుగా సైకిలుకే ఉపయోగపడింది. హెన్రీ ఫోర్డ్ 1896లో చేసిన తొలి బండి నాలుగు సైకిలు చక్రాలపై నడిచింది. ప్యుజో, ఓపెల్, రోవర్ వంటి కంపెనీలు కార్లకు ముందు సైకిళ్లు తయారు చేసినవే.

మంచి రోడ్లు కావాలని అమెరికాలో మొదట ఉద్యమించినవారు కూడా సైకిలు సంఘాలవారే. కార్లు వచ్చాక ఆ రోడ్లపై సైకిలు ఒక అంచుకు చేరిపోవడం విశేషం.

అద్దె సైకిలు నుంచి కియా దాకా
మన పల్లెల్లో మొదట వచ్చిన సొంత వాహనం సైకిలే. అట్లాస్, హీరో, హెర్క్యులస్, ర్యాలీ పేర్లు ఇంటింటా తెలిసినవి. పెళ్లిలో సైకిలు, వాచీ, రేడియో పెట్టడం గొప్పగా చెప్పుకున్న కాలం ఉంది. సొంతంగా కొనలేని పిల్లలు గంట అద్దెకు తీసుకుని, సీటు అందక కడ్డీ కింది నుంచి కాలు దూర్చి 'కత్తెర తొక్కుడు'తో నేర్చుకునేవారు. రాష్ట్ర ప్రభుత్వం 2017లో 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంపిణీ చేసింది. దూరాన ఉన్న ఉన్నత పాఠశాలకు వెళ్లలేక చదువు మానేసే ఆడపిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు అది.

కార్ల సంగతికి వస్తే, 1983 డిసెంబర్ 14న తొలి మారుతి 800 కొనుగోలుదారు చేతికి అందింది. అంతవరకు అంబాసిడర్, ఫియట్‌లే గతి. మారుతి 800, అంబాసిడర్ రెండింటి ఉత్పత్తీ 2014లోనే ఆగిపోయింది. ఇక 44వ నంబరు దారిపైనే దక్షిణంగా వెళ్తే పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కియా కర్మాగారం వస్తుంది. 2019లో అక్కడ కార్ల ఉత్పత్తి మొదలైంది. కరవు సీమగా పేరుపడ్డ ప్రాంతంలో తయారైన కార్లు విదేశాలకూ వెళ్తున్నాయి.

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గడంతో రెండు రకాల అభిమానులకూ ఊరట లభించింది. సైకిళ్లపై పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి, చిన్న కార్లపై 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది.

దినచర్య ఇలా...
రాయలసీమ ఎండల్లో సైకిలు తొక్కడానికి వేళ ముఖ్యం. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కనుక ఎనిమిది గంటలలోపే ఇంటికి చేరుకోవాలి. జూన్ నుంచి ఆగస్టు వరకు పడమటి గాలి బలంగా వీస్తుంది. ఆ రోజుల్లో అనుభవజ్ఞులు వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లి, అలసిన తర్వాత వచ్చేటప్పుడు గాలివాటున తిరిగి వస్తారు. దూరం అంతే అయినా శ్రమలో తేడా తెలుస్తుంది.

ఈ ప్రాంతంలో టైరుకు మొదటి శత్రువులు పల్లేరుకాయలు, తుమ్మముళ్లు. మట్టిదారిలో దిగి వచ్చిన తర్వాత టైరును చేత్తో తడిమి ముల్లు తీయడం, ఒక విడి ట్యూబు, చిన్న పంపు వెంట ఉంచుకోవడం అలవాటు కావాలి. పంక్చర్ దుకాణాల్లో 'పాయింట్లు'గా చెప్పే లెక్క ప్రకారం కారు టైరుకు సాధారణంగా 30 నుంచి 35 వరకు గాలి ఉండాలి. సన్నటి టైర్లున్న రేసు సైకిలుకు 80 నుంచి 100 వరకు అవసరం. ఎండలో నిలిపిన బండికి, చాలాదూరం నడిచి వేడెక్కిన టైరుకు లెక్క ఎక్కువ చూపుతుంది. కనుక చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. తక్కువ గాలితో హైవేపై వేగంగా వెళ్తే టైరు వేడెక్కి పేలిపోయే ప్రమాదం ఉంది.

పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు సైకిలు తొక్కితే ఆ లెక్క పూర్తవుతుంది. ఇంకా ముందుకు వెళ్లాలనుకునేవారికి 'బ్రెవే' సవారీలు ఉన్నాయి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 300ను 20 గంటల్లో, 400ను 27 గంటల్లో, 600ను 40 గంటల్లో ముగించాలి. ఎవరు ముందు వచ్చారన్న పోటీ ఇందులో ఉండదు. గడువులోగా చేరినవారంతా సమానమే. హైదరాబాద్ వంటి నగరాల్లోని క్లబ్బులు వీటిని నిర్వహిస్తున్నాయి. రాత్రివేళ ముందూ వెనుకా దీపాలు, మెరిసే చొక్కా లేనివారిని సాగనివ్వకపోవడం వీటి నియమం. ఆ నియమం వెనుక ఉన్న లెక్క ప్రతి కారు చోదకుడికీ తెలియాలి.

చీకట్లో ఏం జరుగుతుంది?
నాలుగు వరుసల రహదారిపై కారుకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. ఆ వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు సాగుతుంది. అడ్డు కనిపించి, కాలు బ్రేకుపైకి చేరడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే అప్పటికే 40 మీటర్లు దాటిపోతుంది. ఆ తర్వాత బండి ఆగడానికి పొడి రోడ్డుపై మరో 55 మీటర్లు కావాలి. అంటే మొత్తం సుమారు 100 మీటర్లు. అదే 50 కిలోమీటర్ల వేగమైతే 35 మీటర్లలోనే ఆగుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక సాగే దూరం నాలుగు రెట్లు కావడమే ఇందుకు కారణం.

ఇక డిమ్ లైటులో దారి 50, 60 మీటర్లకు మించి స్పష్టంగా కనిపించదు. ఎదురుగా దీపం లేని సైకిలు వెళ్తుంటే, చోదకుడు ఎంత నేర్పరి అయినా, ఎంత మంచి కారైనా, కనిపించిన తర్వాత ఆపడానికి చాలినంత దూరం మిగలదు. పొలం నుంచి, పని నుంచి పొద్దుపోయి ఇంటికి వచ్చే మనిషి సైకిలుకు దీపం ఉండదు. మడ్గార్డుకు ఉన్న ఎర్ర అద్దం ఎప్పుడో పగిలి ఉంటుంది. వెనుక అంటించే మెరిసే స్టిక్కరు కొద్ది రూపాయలకే దొరుకుతుంది. చాలా దూరం నుంచే అది కారు వెలుగులో మెరుస్తుంది. కుటుంబ యజమాని ప్రాణానికీ ఆ స్టిక్కరుకూ ఉన్న సంబంధం అంత దగ్గరిది.

రోడ్డుపై పడి ఉన్న చిన్న వాహనం ఎంతటి విషాదానికి దారి తీస్తుందో 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున ఇదే రహదారిపై కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద కనిపించింది. అంతకుముందు ప్రమాదానికి గురై రోడ్డుపై పడి ఉన్న ద్విచక్ర వాహనాన్ని ప్రైవేటు బస్సు ఢీకొనగా మంటలు చెలరేగి పలువురు ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనదారులే.

ఎదురుదారి ఎందుకు?
హైవే పక్క ఊళ్లలో సైకిళ్లు, మోటారు సైకిళ్లు రాంగ్ రూట్‌లో రావడం సాధారణ దృశ్యం. దీనిని నిర్లక్ష్యమని కొట్టిపారేయడం తేలిక. అయితే డివైడరు మధ్య సందు గాని, కింది వంతెన గాని దూరంగా ఉన్నప్పుడు, ఎదురుగా కనిపించే పొలానికి వెళ్లేందుకు అంత దూరం చుట్టి రావడం తొక్కేవాడికి భారమవుతుంది. కారుకు రెండు నిమిషాల దూరం సైకిలుకు పావుగంట. సర్వీసు రోడ్డు, కింది వంతెన ఉన్నచోట వాటినే వాడుకోవడం, లేనిచోట గ్రామస్థులు కలిసి అధికారుల దృష్టికి తీసుకెళ్లడం మేలు. సైకిలు కూడా మిగతా వాహనాల్లాగే ఎడమవైపునే వెళ్లాలి. ఎదురు వస్తే ఇద్దరి వేగాలూ కలుస్తాయి. తప్పించుకునే వ్యవధి తగ్గుతుంది.

సైకిలును దాటేటప్పుడు కనీసం మీటరున్నర దూరం వదలాలని ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల్లో ఊరి వెలుపలి రోడ్లకు చట్టమే ఉంది. జర్మనీ 2020లో దీనిని ఊళ్లలో మీటరున్నర, వెలుపల రెండు మీటర్లుగా నిర్ణయించింది. లారీ వేగంగా పక్కనుంచి పోతే ఆ గాలికే సైకిలు ఊగిపోతుంది. గుంతను తప్పించడానికి తొక్కేవాడు హఠాత్తుగా పక్కకు జరగవచ్చు. ఆ దూరం వదిలేది అందుకే. స్వయంగా సైకిలు తొక్కిన చోదకుడికి ఈ సంగతి ఎవరూ చెప్పనవసరం లేదు.

జరగరానిది జరిగితే...
సైకిలుకు లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా అక్కరలేదు. అంతమాత్రాన వాహనం ఢీకొన్న సైకిలిస్టుకు హక్కులు లేవనుకోరాదు. మోటారు వాహనాలన్నింటికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కనుక బాధితుడు పరిహారం కోరవచ్చు. ఢీకొట్టిన బండి ఆచూకీ తెలియకపోయినా 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన పథకం కింద మరణిస్తే రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడితే రూ.50 వేలు లభిస్తాయి. మోటారు వాహనం వల్ల గాయపడినవారికి ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. క్షతగాత్రుడిని ఆసుపత్రికి చేర్చినవారిని కేసుల పేరుతో ఇబ్బంది పెట్టకుండా 2019 చట్ట సవరణ రక్షణ కల్పిస్తోంది. కనుక 'మనకెందుకులే' అని తప్పుకోవలసిన అవసరం లేదు.

ఇవి పాటిస్తే మేలు
* సైకిలు వెనుక ఎర్ర రిఫ్లెక్టరు లేదా మెరిసే స్టిక్కరు, రాత్రివేళ ముందూ వెనుకా దీపాలు ఉండాలి. లేత రంగు దుస్తులు వేసుకోవాలి.
* హెల్మెట్ పట్టీ బిగించుకోవాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కరాదు.
* హైవే కంటే సర్వీసు రోడ్డు, గ్రామాల దారులే సాధనకు అనువైనవి.
* కారు తలుపు తీసేటప్పుడు దూరపు చేత్తో తీస్తే శరీరం తిరిగి, వెనుక వచ్చే సైకిలు కంటపడుతుంది.
* ఊరు దగ్గరపడగానే కారు వేగం తగ్గించాలి. సైకిలును దాటేటప్పుడు హారన్‌తో బెదరగొట్టకుండా మీటరున్నర దూరం వదలాలి.
* ప్రమాదం జరిగితే 108కి, జాతీయ రహదారిపై అయితే 1033కి ఫోన్ చేయాలి.