అల్పమైన ఉబ్బసము: ఒంటి మందా, జంట మందా?

మన పిల్లలలో కొందఱి సంచులలో పుస్తకములతోపాటు నీలిరంగు పంపు కూడ నుండును. వైద్యుని యెదుట మాట రాష్ట్రభాషలోనో ఇంగ్లీషులోనో సాగును. ఇంటికి వచ్చిన పిదప తల్లియు, అవ్వయు ఆ మందును గూర్చి తెలుగుననే చర్చించుకొందురు. "పంపు అలవాటైపోవునేమో" యను భయమును, "ఎప్పుడో ఒకమారే గదా, ఇది చాలును" అను ధీమాయు ఆ చర్చలలోనే పుట్టుచున్నవి. అందుచేత ఈ విషయమును తెలుగున వివరింప దలచితిమి.

ఉబ్బసమున రెండు వికారములు కలవు. శ్వాసనాళముల చుట్టునున్న కండరములు బిగియుట యొకటి. నాళముల లోపలి పొర వాచి జిగురు చేరుట రెండవది. ఇరుకైన దారిని గాలి పోవునప్పుడే మనము పిల్లికూతలు విందుము. కండరముల బిగువు మందుతో నిమిషములలో సడలును. వాపు తగ్గుటకు దినములు, వారములు పట్టును. కూత వినబడని దినములందును వాపు మిగిలియుండవచ్చును.

1969లో వాడుకకు వచ్చిన సాల్బుటమాల్ కండరములను మాత్రమే సడలించును. సాధారణముగా నీలి పంపులో నుండునది ఇదియే. ఆయాసము తీరును గాని వాపు తీరదు. కప్పు కారుచుండగా క్రింద బిందె పెట్టినట్లే. బుడెసొనైడ్ వంటి స్టిరాయిడు వాపును అణచును. కాని దానిని ప్రతిదినము పీల్చవలెను. పిల్లవాడు కులాసాగా నుండగనే మానివేయుట లోకసహజము. ఇవి ఒంటి మందులు. బుడెసొనైడునకు ఫార్మొటెరాల్ చేర్చినది జంట మందు. ఫార్మొటెరాల్ త్వరగా నాళములను సడలించి సుమారు 12 గంటలు నిలుచును. ఆయాసము వచ్చినప్పుడు దీనిని పీల్చినచో వాపునకు మందు కూడ అదే క్షణమున అందును.

12 ఏండ్లు, ఆపై వయస్సు గల అల్ప ఉబ్బస రోగులపై జరిగిన రెండు పెద్ద పరిశోధనలు 2018లో వెలువడినవి. నాళములను సడలించు ఒంటి మందును మాత్రమే అవసరమునకు పీల్చినవారికంటె జంట మందు పీల్చినవారికి తీవ్రమైన దాడులు 64 శాతము తక్కువగా వచ్చినవి. ప్రతిదినము స్టిరాయిడు పీల్చినవారితో పోల్చగా దాడులు ఇంచుమించు సమానమే. లోనికి పోయిన స్టిరాయిడు మాత్రము సుమారు నాలుగవ వంతే. అయితే రోజువారీ లక్షణములు ప్రతిదినము పీల్చినవారికే కొంత మెఱుగుగా అదుపున నుండెను. ఉబ్బస చికిత్సపై ప్రపంచమునకు సూచనలిచ్చు 'గినా' సంస్థ, 12 ఏండ్లు దాటినవారికి సాల్బుటమాల్ వంటి మందుతో మాత్రమే చికిత్స చేయరాదని 2019లో ప్రకటించెను. న్యూజీలండున 5 మొదలు 15 ఏండ్ల వఱకు గల 360 మంది పిల్లలపై జరిగిన పరిశోధన 2025లో వెలువడినది. సాల్బుటమాలుతో పోల్చగా జంట మందు వలన దాడులు 45 శాతము తగ్గినట్లు అందు తేలినది.

ఇక అలవాటు మాట. పీల్చు స్టిరాయిడును మైక్రోగ్రాములలో కొలుతురు. తీవ్రమైన దాడి వచ్చినప్పుడిచ్చు మాత్రలను మిల్లీగ్రాములలో కొలుతురు. మిల్లీగ్రాములో వేయవ వంతే మైక్రోగ్రాము. పంపునకు బానిసలగుట యన్నది లేదు. నీలి పంపు అవసరము నానాటికి పెరుగుచున్నచో అది అలవాటు కాదు, వ్యాధి ముదురుచున్నదనుటకు గుర్తు.

కొన్ని జాగ్రత్తలు చెప్పక తప్పదు. జంట మందులన్నియు ఒకటి కావు. సాల్మెటెరాల్ కలిసినది నెమ్మదిగా పనిచేయును గనుక ఆయాసపు వేళకు పనికిరాదు. స్టిరాయిడు లేక ఫార్మొటెరాలును ఒంటిగా వాడుట అపాయకరము. ఉన్న మందును మీరుగా మార్చకుడు. 12 ఏండ్లలోపు పిల్లల విషయమున మోతాదును వైద్యుడే నిర్ణయింపవలెను. స్టిరాయిడు పీల్చిన పిదప నోరు పుక్కిలించి ఉమ్మివేయవలెను. మాట పూర్తిగా రాకుండునంతటి ఆయాసము, ప్రక్కటెముకలు లోనికి పోవుట, పెదవులు నీలమగుట కనబడినచో క్షణమైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

తల్లిదండ్రులారా! ఉబ్బసము అల్పమైనంత మాత్రమున దాడి అల్పముగా నుండునన్న నమ్మకము లేదు. నీలి పంపును నెలకు ఎన్నిమార్లు వాడవలసి వచ్చెనో వ్రాసియుంచుడు. ఆ లెక్కను వైద్యునికి చూపి, "మా బిడ్డకు వాపు తగ్గించు మందు అందుచున్నదా?" అని అడుగుడు. ఏ భాషలో నడిగినను సరే, ఆ ప్రశ్న అడుగక మానవలదని మా మనవి.