ముందు వార్డెన్‌కు నేర్పండి

ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ ఒక అమ్మాయిని రోజుకు గంటో గంటన్నరో చూస్తాడు, అదీ నిండు క్లాసులో ఒకరిగా. ఆ అమ్మాయి మూడు రోజులుగా అన్నం కెలికి వదిలేస్తోందని మెస్‌లో వడ్డించే ఆవిడకు తెలుసు. రాత్రి రెండింటికి కారిడార్‌లో తిరుగుతోందని వాచ్‌మన్‌కు తెలుసు. తలనొప్పి అంటూ వారంలో మూడోసారి సిక్‌రూమ్‌కు వచ్చిందని ఆయాకు తెలుసు. తను ప్రాణంగా చూసుకునే చేతి గడియారం ఎవరికో ఇచ్చేసిందని రూమ్మేట్లకు తెలుసు. ఇవన్నీ దేనికి గుర్తులో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అనుమానం వచ్చినా ఎవరికి చెప్పాలో తెలియదు.

2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెబుతోంది. రోజుకు 35 మందికి పైనే. తెలుగు నేలకు ఈ కడుపుకోత కొత్త కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతడకగా వచ్చినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి మరణించింది. ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆ కేసులోనే 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకు మించి చదివే ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. పాఠాలు చెప్పేవాళ్లకే కాదు, చెప్పని సిబ్బందికి కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఆ తీర్పులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఈ రెండో మాటే.

ఇంతకీ ఏం నేర్పాలి? డిప్రెషన్ అంటే మూల కూర్చుని ఏడవడం ఒక్కటే కాదని మొదట చెప్పాలి. ఆ వయసు పిల్లల్లో అది చాలాసార్లు చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. మగపిల్లాడు ఎదురు మాట్లాడితే మనవాళ్లు ‘పొగరు’ అని తేల్చేస్తారు, చదువు మీద ధ్యాస పోతే ‘బద్ధకం’ అంటారు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, ఇష్టమైన ఆట, స్నేహాలు అన్నీ దూరమవుతుంటే అది క్రమశిక్షణ సమస్య కాదు. ‘నేను లేకపోతే మీకు పీడ వదులుతుంది’ అన్న మాట వినిపిస్తే నాటకమని కొట్టిపారేయకూడదు.

రెండోది, అడగడం. ‘చచ్చిపోవాలనిపిస్తోందా, నాన్నా?’ అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని పెద్దలకు భయం. అలా జరగదని పరిశోధనలు మళ్లీ మళ్లీ తేల్చాయి. అడిగితే చాలామంది పిల్లలకు గుండె బరువు దిగుతుంది. ఆ క్షణంలో మన నోట అలవాటుగా వచ్చేది ‘మీ అమ్మానాన్నలు అప్పు చేసి ఫీజు కడుతున్నారు, తెలుసా?’ అన్న మాట. దయచేసి అది అనకండి. తానొక భారమని అప్పటికే కుమిలిపోతున్న బిడ్డకు అది మరో రుజువవుతుంది. ‘ఎవరికీ చెప్పను’ అని మాట కూడా ఇవ్వకూడదు. వినాలి, ఒంటరిగా వదలకూడదు, కౌన్సెలర్‌కో డాక్టర్‌కో స్వయంగా అప్పగించాలి. వార్డెన్ వైద్యం చేయనక్కర్లేదు. ఆయన పని ఇంతవరకే, అయినా అది చాలా పెద్ద పని.

అయితే శిక్షణ ఒక్కటే గట్టెక్కించదు. యూరప్‌లో పది దేశాల్లో, 168 బడుల్లో జరిగిన పెద్ద అధ్యయనం 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. టీచర్లకు మాత్రమే శిక్షణ ఇచ్చినచోట చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తమ మనసును అర్థం చేసుకోవడం, తోటివారికి ఆసరాగా నిలవడం నేరుగా పిల్లలకే నేర్పినచోట మాత్రం ఏడాది తర్వాత ఆత్మహత్యాయత్నాలు సుమారు సగానికి తగ్గాయి. బిహార్ నలంద జిల్లాలో 74 ప్రభుత్వ బడుల్లో మరో అధ్యయనం చేశారు. పిల్లల ఆరోగ్య కార్యక్రమాన్ని అదనపు బాధ్యతగా టీచర్‌కు అప్పగించినచోట ఫలితం లేదు. అదే పనిని ఇందుకోసమే పెట్టుకున్న స్థానిక కౌన్సెలర్‌కు ఇస్తే బడి వాతావరణం మారింది, పిల్లల్లో డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి. నాకు అర్థమైనంతలో కారణం కష్టమైనదేమీ కాదు: మార్కుల కోసం గద్దించే మనిషి ముందే గుండె విప్పమంటే ఏ పిల్లాడు విప్పుతాడు?

అందుకే గుర్తులు పట్టడం, అడగడం, అప్పగించడం సిబ్బందికి నేర్పే ‘గేట్‌కీపర్ శిక్షణ’ను సర్టిఫికెట్ల తంతుగా మార్చే యాజమాన్యాలను నేను ఒప్పుకోను. పొద్దున శిక్షణలో కూర్చున్న డీన్ సాయంత్రం వీకెండ్ టెస్టు ర్యాంకులు గోడకు అంటించి, అడుగున ఉన్న పేర్లను అందరి ముందూ చదివితే ఆ శిక్షణ దండగ. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయొద్దని, పిల్లల్ని నలుగురిలో అవమానించొద్దని సుప్రీంకోర్టు అదే తీర్పులో చెప్పింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీ దగ్గర ఆగిపోకండి. మీ కౌన్సెలర్ ఎవరు, సిబ్బందికి చివరిసారి శిక్షణ ఎప్పుడిచ్చారు, అందులో వాచ్‌మన్, ఆయా, మెస్ మనుషులు కూర్చున్నారా అని అడగండి. జవాబు రాకపోతే ఆ కాలేజీ వద్దు. మీకో, మీ పిల్లలకో మనసు చేతిలో లేదనిపిస్తే కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రింబవళ్లు పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.